మార్జిన్‌లో గీతలు

స్కోరు పుస్తకం నా చేతికిచ్చారు
నాకు బంతి పట్టడం రాదని కాదు,
చేతిరాత బాగుంటుందని.
కోచ్ వొబోరిల్ ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు.
అప్పట్నుంచీ బెంచీ చివర, కాళ్ల కింద
పొద్దుతిరుగుడు గింజల పొట్టు తొక్కుతూ
ఎవరు కొట్టారు, ఎవరు జారారు, ఎవరు ఔటయ్యారు
అన్నీ గళ్లలోకి దించేదాన్ని.

మాది నెబ్రాస్కాలో మాంసం ఫ్యాక్టరీ ఊరు.
గాలి ఎటు వీస్తే అటు ఆ వాసన.
అబ్బాయిల ఫుట్‌బాల్ మైదానానికి కొత్త లైట్లు.
మా సాఫ్ట్‌బాల్‌కి సూర్యుడే దిక్కు,
ఆయనా ఏడున్నర కాకముందే
మొక్కజొన్న వెనక్కి దిగిపోతాడు.
చీకట్లో బంతి కనపడక
లోర్నా పెదవి చిట్లిన సాయంత్రం
"ఎర్రర్ అని రాయి" అన్నాడు కోచ్.
ఎవరిదని అడగలేదు నేను.
లోర్నా పేరు ఎదుట రాశాను.

యెసేనియా బర్రగాన్ మా పిచర్.
వాళ్లమ్మ నైట్ షిఫ్టు దిగి వచ్చేసరికి
పెరట్లో, కంచెకి కట్టిన పాత పరుపు మీదికి
బంతులు విసురుతూ ఉండేది.
ఎవరూ నేర్పలేదు.
కోచ్ నేర్పింది ఒకటే ముక్క: "ఇంకా గట్టిగా!"
ఆయన చరిత్ర మాస్టారు.
ఎవరూ ఒప్పుకోకపోతే ఈ పని ఆయనకి అంటగట్టారు.
ఆ సంగతి వారానికోసారి మాకు చెప్పేవాడు,
మేమే అంటగట్టినట్టు.

అబ్బాయిల బేస్‌బాల్‌లో
విసిరిన ప్రతి బంతికీ లెక్కుంది.
లెక్క దాటితే కుర్రాణ్ణి దించెయ్యాలి, రూలు.
మాకెందుకు లేదని అడిగాను.
"కింద నుంచి విసిరితే భుజం అరగదమ్మా,
ఉయ్యాల ఊపినట్టే" అన్నాడు.
కంచె పట్టుకు నిలబడ్డ నాన్నలు నవ్వారు.
మా నాన్న కూడా.

ఆ రోజు నుంచీ మార్జిన్‌లో గీతలు మొదలుపెట్టాను.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
అక్టోబరు మొదటి శనివారం, ఒకే రోజు మూడు ఆటలు.
పుల్లల మోపుల్లా గీతలు
పేజీ చుట్టూ తిరిగి తిరిగి
బయల్దేరిన చోటికే వచ్చాయి.
మూడొందల పన్నెండు.

మూడో ఆట, ఐదో ఇన్నింగ్స్.
ఆమె చెయ్యి గుండ్రంగా తిరగడం మానేసి
బందు ఊడిన తలుపులా వేలాడింది.
కోచ్ వైపు చూడలేదు. నా వైపు చూసింది.
నా దగ్గరేముంది, పెన్సిలు తప్ప?
పుస్తకం ఎత్తి ఆ పేజీ చూపించాను.
అంత దూరానికి అంకెలు కనపడవు,
నల్లగా ఉందని మాత్రం తెలిసుంటుంది.

బంతిని వలయం మధ్యలో
గుడ్డు దించినంత నెమ్మదిగా దించి
నడుచుకుంటూ వచ్చి నా పక్కన కూచుంది.
కోచ్ అరుస్తున్నాడు, జట్టు, ద్రోహం, ఇంకేవో.
విసరడం ఇంకెవరికీ రాదు,
ఎవరికైనా నేర్పితే కదా.
లోర్నా వెళ్లి విసిరింది.
పదకొండు పరుగుల తేడాతో ఓడాం.
"ఎన్ని?" అని అడిగింది యెసేనియా బస్సులో.
"రెండొందల చిల్లర" అన్నాను.

స్కూలు బోర్డు మాకు మూడు నిమిషాలిచ్చింది.
బల్ల మీద అలంకారానికి గుమ్మడికాయలు,
వాటి పక్కన నా పుస్తకం.
పేజీలు తిప్పారు.
"చేతిరాత ముచ్చటగా ఉంది" అంది అధ్యక్షురాలు.
కోచ్ చేతులు కట్టుకుని
కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తున్నాడు.

గుమ్మడికాయల దొంగ అనగానే
భుజాలు తడుముకుంటారంటారే,
ఆ గదిలో తడుముకున్నది ఇద్దరమే.
యెసేనియా, నొప్పికి.
నేను.

రెండొందలో గీత దగ్గర
పెన్సిలు ముక్కు విరిగింది.
చెక్కుకుని
మళ్లీ గీశాను.